పిన్నిగారి పెన్సిలు గీతలు

పిన్నిగారి దగ్గర సంగీతానికి చేరిన మొదటి రోజు ఆవిడ నన్ను పాడమనలేదు. మా తమ్ముడి పేరు అడిగారు, బడికి ఏ దారిన వెళ్తావన్నారు, రాత్రి కల ఏమైనా వచ్చిందా అని అడిగారు. తొమ్మిదేళ్ల వాణ్ని, తల వంచుకుని నసుగుతూ ఏవో జవాబులు చెబుతుంటే, ఆవిడ కళ్లు మూసుకుని శ్రుతిపెట్టె మీద ఒక్కొక్క స్వరమే తీసి మూస్తూ, చివరికి ఒక చోట ఆగి, "నీ మాట ఇక్కడిక్కడే తిరుగుతోంది నాయనా. పాట కూడా ఈ చుట్టుపక్కలే పుడుతుంది" అన్నారు. అది అయిదున్నర శ్రుతి, అంటే నా పాటకు ఆధారమయ్యే 'స' ఉండే మెట్టు. నా గొంతుకు ఒక చిరునామా ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

ఆవిడను మేమంతా పిన్నిగారనే పిలిచేవాళ్లం. మొట్టమొదట ఆవిడ దగ్గర పాఠం మొదలుపెట్టింది ఆవిడ అక్కగారి అమ్మాయి. ఆ పిల్ల పిలుపే తరవాత వచ్చిన వాళ్లందరి నోటా నిలిచిపోయింది. నేను చేరేనాటికి ఆవిడకు యాభై ఏళ్లు దాటాయి. ఒకప్పుడు కచేరీలు చేసేవారనీ, ఆకాశవాణిలో బి-హై గ్రేడు కళాకారిణిగా పాడేవారనీ పెద్దవాళ్లు అనుకోగా విన్నాం కానీ, ఆ సంగతులు ఆవిడ నోట వినడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. గదిలో సన్మానపత్రం లేదు, శాలువా కప్పుతున్న ఫొటో లేదు. మూలన తంబురా, నేల మీద చాప, శ్రుతిపెట్టె, గోడకు ఒక నల్లబల్ల, అంతే.

సంగీతం క్లాసంటే పిల్లలందరూ గురువుగారి గొంతుకు అనువైన శ్రుతిలో కలిసి పాడడమే నేను చుట్టుపక్కల చూసిన పద్ధతి. పిన్నిగారు మాత్రం వయసును బట్టీ, పాఠం ఎంతవరకు వచ్చిందన్న దాన్ని బట్టీ కాక, గొంతును బట్టి జట్లు కట్టేవారు. నాలుగున్నర శ్రుతి వాళ్లకు ఒక గంట, అయిదున్నర వాళ్లకు ఒక గంట, గొంతు మారిన మగపిల్లలకు ఒకటి, ఒకటిన్నర శ్రుతుల్లో వేరే గంట. అందువల్ల తొలి పాఠాలైన సరళీవరుసల్లో ఉన్న ఎనిమిదేళ్ల పిల్ల పక్కనే పై పాఠాలైన వర్ణాలు పాడే కాలేజీ అమ్మాయి కూర్చోవలసి వచ్చేది. ఆ అమ్మాయి కూడా ముందు సరళీవరుసలు మూడు కాలాల్లో పాడి తీరాలి. పురందరదాసు తొలి పాఠాలకు మాయామాళవగౌళను ఎంచుకోవడంలో ఎంత దయ ఉందో ఆవిడ వేళ్లతో చూపించేవారు. స, రి దగ్గర దగ్గరగా. రి నుంచి గ కు ఒక పెద్ద అంగ. మళ్లీ గ, మ దగ్గర దగ్గరగా. సరిగ్గా అదే నడక ప నుంచి పై షడ్జం దాకా ఇంకోసారి. కింది సగం గొంతుకు పట్టుబడితే పై సగం దానంతట అదే దారి చూపిస్తుందనేవారు. డెబ్బైరెండు మేళకర్తల్లో, అంటే మూల రాగాల్లో, పదిహేనోదైన ఆ రాగాన్ని నేను ఇప్పటికీ ఒక రాగంగా కాక, నడక నేర్చుకున్న వసారాగానే తలుచుకుంటాను.

గాత్రం అన్న మాటకు సంస్కృతంలో అర్థం శరీరం. మంచి గొంతున్న వాళ్లను చూసి మంచి శారీరం అంటాం; ఆ మాటలోనూ శరీరమే ఉంది. పదమూడో శతాబ్దంలో శార్ఙ్గదేవుడు రాసిన సంగీతరత్నాకరం, అభ్యాసం లేకపోయినా రాగాన్ని పలికించగలిగే ధ్వనికి, శరీరంతో పాటు పుట్టింది కనుక, ఆ పేరు పెట్టింది. నాదం అన్న మాటలో నకారం ప్రాణమనీ, దకారం అగ్ని అనీ చెప్పింది కూడా ఆ గ్రంథమే. పిన్నిగారు ఈ సంగతులను పాండిత్యంగా చెప్పేవారు కారు. మా అరచేతిని మా గుండె మీదే పెట్టించి, మంద్రస్థాయి (కింది స్థాయి) పంచమం, అంటే 'ప', పాడిస్తూ, "అదురుతోందా? ఆ అదురే నీ పెట్టుబడి" అనేవారు. ఆ చేతికి తెలిసిన అదురు పుస్తకంలో చదివిన దానికంటే ఎంతో ముందుగా నాకు అర్థమైంది.

ఆవిడ కథ మాకు తెలిసింది ఒక గొడవ వల్ల. మా జట్టులోని ఒక అమ్మాయి పోటీకి పేరిచ్చి, పడిశం పట్టి గొంతు బొంగురుపోయినా వేడినీళ్లు తాగి, రోజూ రెండేసి గంటలు సాధన చేస్తూ వచ్చింది. పిన్నిగారు ఒక్క స్వరం వినగానే శ్రుతిపెట్టె మూసేసి, వారం రోజులు పాడవద్దు, అవసరమైతే తప్ప మాట్లాడవద్దు అన్నారు. ఆ అమ్మాయి ఏడ్చింది. ఇంట్లో వాళ్లు వచ్చి, ఒక్క రోజుకు ఏమవుతుందండీ అన్నారు. వాళ్లు వెళ్లిపోయాక, మిగిలిన మా ముగ్గురినీ కూర్చోబెట్టి, ఎప్పుడూ లేనిది, ఆవిడ తన సంగతి చెప్పడం మొదలుపెట్టారు.

ఆవిడ గురువుగారు మైకులు లేని రోజుల్లో పాడిన మనిషి. చివరి వరసలో కూర్చున్న వాడికి వినబడాలంటే శ్రుతి పెంచడమే ఉపాయం. అప్పట్లో మగవాళ్లు కూడా ఇప్పుడు మనం వినే శ్రుతుల కంటే చాలా ఎక్కువ శ్రుతుల్లో పాడేవారు. ఆ కాలపు అలవాటు కొద్దీ, ఆడపిల్ల గొంతు ఆరు శ్రుతిలో ఖణీమని పలకాలన్నది ఆయన పట్టుదల. పిన్నిగారి గొంతు సహజంగా నాలుగున్నర. పదకొండో ఏట నుంచి వేకువన లేచి, ఆరు శ్రుతిలో, పై స్థాయి మీదే గంటల తరబడి సాధన చేశారు. "చేయలేక కాదు, చేయగలిగాను. అదే వచ్చిన చిక్కు" అన్నారు. గురువుగారిని ఒక్క మాట అనలేదు. ఆయన తన కాలం ఆయనకు నేర్పిందే తనకు నేర్పారన్నారు. వినే వాళ్లు ఆ గొంతును కంచుగంట అనేవారట. ఇరవై ఏళ్లకే రేడియోలో, ముప్ఫై దాటేసరికి పేరున్న సభల్లో పాడారు.

ముప్ఫైనాలుగో ఏట ఒక ఉత్సవంలో వరసగా మూడు రోజులు మూడు కచేరీలు. మూడో రోజు పొద్దుటే మాట బరువెక్కింది. సాయంత్రం తోడి ఆలాపన బాగానే నడిచింది. కీర్తన చరణంలో తారస్థాయి (పై స్థాయి) గాంధారం, అంటే 'గ', మీద నిలవబోయేసరికి గొంతులోంచి గాలి వచ్చింది కానీ స్వరం రాలేదు. "అరిచినా బాగుండును, అపస్వరం వచ్చినా బాగుండును. ఏమీ రాలేదురా" అన్నారు మాతో. పక్కన వయొలిన్ వాయిస్తున్న విద్వాంసుడు రెప్పపాటులో ఆ సంగతిని (పాటలోని ఆ స్వరాల వరుసను) అందుకుని, ఆవిడే తనకు వదిలినట్టుగా పూర్తి చేశారట. మృదంగం ఒక్క మాత్ర తడబడలేదు. జనంలో చాలా మందికి తెలియనే లేదు. పల్లవిలోకి దిగి, కింది స్థాయిలో కచేరీ ముగించి, మంగళం పాడి లేచారు. పక్కవాద్యం అంటే ఏమిటో ఆ ఒక్క క్షణంలో తెలిసిందని, ఆ విద్వాంసుడి పేరు తలిచినప్పుడల్లా చేతులు జోడించేవారు.

డాక్టరు అద్దం పెట్టి చూసి, అరచేతికి కాయలు కాసినట్టు స్వరతంత్రుల మీద రెండు వైపులా గట్టిపడిన బొడిపెలు ఉన్నాయన్నారు. ఆ పోలిక పిన్నిగారు మాకు మరీ మరీ చెప్పేవారు. అయిదు శ్రుతిలో మధ్యస్థాయి షడ్జం ('స') పాడుతున్నప్పుడు ఆ రెండు చిన్న మడతలూ సెకనుకు దాదాపు 196 సార్లు ఒకదాన్నొకటి తాకుతాయి. తారషడ్జానికి వచ్చేసరికి అది రెట్టింపు. మెత్తగా తాకితే నాదం, మొత్తుకుంటే కాయ. ఎన్నో వారాల మౌనం రాసిచ్చారు డాక్టరు. గుసగుసలు కూడా వద్దన్నారు, గుసగుసకూ గొంతు శ్రమపడుతుంది గనక. పలక మీద సుద్దముక్కతో రాసి ఇంటివాళ్లతో మాట్లాడారు. ఆ రోజుల్లో తంబురా ఒళ్లో పెట్టుకుని, నోరు కదపకుండా, మనసులోనే కీర్తనలు మొదటి నుంచి చివరి దాకా పాడుకునేవారట. బొడిపెలు చాలావరకు తగ్గాయి. మాట తిరిగి వచ్చింది, మంద్రం వచ్చింది, మధ్యస్థాయి ఇదివరకటి కంటే చిక్కగా వచ్చింది. తారస్థాయిలో మాత్రం గాంధారం దాటి నిలకడ రాలేదు. కచేరీలు మానేశారు.

ఆ తరవాతి రెండేళ్ల గురించి ఆవిడ ఎప్పుడూ వివరంగా చెప్పలేదు, మేము అడగలేదు. ఒక్క పేరు మాత్రం తరచూ చెప్పేవారు, ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్. ఒకే పంక్తిని రకరకాలుగా విస్తరించి పాడే నెరవులో భావం తొణికిసలాడించడానికి పెట్టింది పేరైన ఆ మహావిద్వాంసుడు 1940లలోనే కచేరీలు విరమించి, 1949లో మద్రాసులో కర్ణాటక సంగీతానికి ప్రభుత్వ కళాశాల ఏర్పడినప్పుడు దానికి తొలి ప్రిన్సిపాలు అయ్యారు. టి.కె. గోవిందరావు వంటి శిష్యులు ఆయన చేతి కింద తయారయ్యారు. మన వైపు కూడా నేదునూరి కృష్ణమూర్తిగారు, శ్రీరంగం గోపాలరత్నంగారు వంటి వాళ్లు కచేరీ వేదికతో పాటు కళాశాల గదిని కూడా తమదిగా చేసుకున్నారు. పాడేవాళ్లు పాఠం చెప్పడం మన సంప్రదాయంలో మెట్టు దిగడం కాదని నేను గట్టిగా నమ్ముతాను. పిన్నిగారిని చూశాకే ఆ నమ్మకం కలిగింది. ఆవిడ గొంతు పోగొట్టుకుని పాఠాలకు దిగిన మనిషి అని ఎవరైనా జాలిపడితే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. గొంతు ఎలా పోతుందో తన ఒంటి మీద చూసిన మనిషి, ఇంకొకరి గొంతు పోకుండా చూడగలిగిన మనిషి అని చెప్పాలి.

ఆవిడ దగ్గర కొన్ని కట్టుబాట్లు ఉండేవి. పాడే ముందు దగ్గి గొంతు సవరించుకోకూడదు. గుటక వేయాలి, లేదా ఒక గుక్క నీళ్లు తాగాలి. మొదటి పావుగంట నోరు మూసుకుని మకారంతోనే మంద్రం నుంచి మధ్యమం దాకా వెళ్లి రావాలి, పెదవులు జివ్వుమనాలి. తారస్థాయికి మెడ ఎత్తకూడదు. "స్వరం పైనుందని గడ్డం పైకి పోతే, గొంతు నులుముకున్నట్టే" అనేవారు. ఎవరి మెడ నరాలైనా బిగిస్తే చూపుడువేలితో మెల్లగా తట్టేవారు, అంతే, పాట ఆపేవారు కారు.

తంబురా శ్రుతి చేయడం మాత్రం పన్నెండేళ్లు దాటిన వాళ్లకే. పంచమం, రెండు సారణులు (మధ్యస్థాయి షడ్జం తీగలు), మంద్రషడ్జం అని నాలుగు తీగలు. బిరడాలతో దగ్గరికి తెచ్చి, పూసలతో సరిచేశాక, గుర్రానికీ (తీగలు ఆనే చిన్న చెక్కకూ) తీగకూ మధ్య సన్నటి నూలుపోగు దూర్చాలి. దాన్ని జీవ అంటారు. పోగును వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతుంటే, అప్పటిదాకా పొడిగా మోగుతున్న తీగ ఒక్క చోట ఉన్నట్టుండి తుమ్మెద ఝంకారంలా విచ్చుకుంటుంది. మొదటిసారి అది నా చేతిలో విచ్చుకున్నప్పుడు నేను ఉలిక్కిపడి చేయి తీసేశాను. పిన్నిగారు నవ్వి, నా చెవిని కుండకు ఆనించి, మంద్రషడ్జం మీటుతూ, "ఇందులో గాంధారం వినబడే దాకా కూర్చో" అన్నారు. మూడు రోజులు కూర్చున్నాను. నాలుగో రోజున, ఎవరూ మీటని అంతరగాంధారం ఆ తీగలోంచి లేచి రావడం విన్నాను. పరుగెత్తుకుని వెళ్లి చెబితే, ఆవిడ చేస్తున్న పని ఆపి, "ఇక నీకు గురువుతో సగం పని తీరిపోయింది" అన్నారు.

నాకు పద్నాలుగో ఏడు వచ్చింది. ఒక సాయంత్రం మోహన వర్ణం ముక్తాయిస్వరంలో గొంతు రెండుగా చీలింది. పక్కన కూర్చున్న ఆడపిల్లలు ఫక్కున నవ్వారు. మర్నాడు నేను వెళ్లలేదు, ఆ మర్నాడూ వెళ్లలేదు. మూడో రోజు పిన్నిగారే కబురంపారు. వెళ్లేసరికి గదిలో ఎవరూ లేరు. మగపిల్లలకు ఈ వయసులో స్వరపేటిక పెరుగుతుందనీ, తంత్రులు పొడుగై మందమవుతాయనీ, గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుందనీ, ఆ దిగడం పూర్తయ్యే దాకా ఏ రోజు ఏ మెట్టు మీద ఉంటుందో గొంతుకే తెలియదనీ, ఇంట్లో ఎవరూ నాకు చెప్పని మాటలను ఎంతో మామూలుగా చెప్పారు. అప్పట్లో చాలా చోట్ల ఆ వయసు కుర్రాళ్లను గొంతు కుదిరాక రమ్మని పంపేసేవారు. వెళ్లిన వాళ్లలో తిరిగి వచ్చిన వాళ్లు తక్కువ. ఆవిడ నన్ను పంపలేదు.

దాదాపు పది నెలలు నాకు వేరే పాఠం నడిచింది. వారానికోసారి మళ్లీ నాతో మాట్లాడించి, శ్రుతిపెట్టె మీద వెతికి, ఆ వారానికి నా శ్రుతి ఏదో తేల్చేవారు. నాలుగున్నర, నాలుగు, మూడు, రెండున్నర. పాడడం రోజుకు పావుగంటే, అదీ గొంతు పెంచకుండా, అయిదారు స్వరాల మధ్యనే. మిగతా సమయమంతా ఆవిడ ఒక సంగతి పాడితే నేను స్వరం రాయాలి. మొదట్లో గమకం, అంటే స్వరాన్ని ఊపే తీరు, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియక, కాగితం నిండా కొట్టివేతలే. ఆరో నెలకు కాంభోజిలో ఒక పొడుగాటి సంగతిని తప్పు లేకుండా రాశాను. పాడలేని రోజుల్లోనే నాకు స్వరజ్ఞానం అబ్బింది. చివరికి నా గొంతు ఒకటిన్నర శ్రుతిలో కుదురుకున్న నాడు, పిన్నిగారు మా అమ్మను పిలిపించి, "మీవాడి గొంతు ఇంటికి వచ్చింది వదినగారూ" అన్నారు. ఆ మాట చెబుతూ ఇద్దరూ కళ్లు ఒత్తుకున్నారు; ఎందుకో నాకు అప్పట్లో అర్థం కాలేదు.

కీర్తనలు మొదలయ్యాక నా నోటుపుస్తకంలో ఆవిడ పెన్సిలు గీతలు మొదలయ్యాయి. సాహిత్యం నా చేతిరాతలో, దాని మధ్య మధ్య నిలువుగా చిన్న గీత. అక్కడ ఊపిరి తీసుకోవాలి, ఇంకెక్కడా తీసుకోకూడదు. అవి తాళం ప్రకారం పెట్టిన గీతలు కావు, అర్థం ప్రకారం పెట్టినవి. "దేవుణ్ని పిలుస్తూ పేరు మధ్యలో ఊపిరి తీస్తే, ఆయన ఎటు తిరగాలి?" అనేవారు. తెలుగు మన మాట కాబట్టి, ఈ భాషలో పుట్టిన కీర్తనను మనమే ముక్కలు చేస్తే దానికి దిక్కెవరని ఆవిడ బాధ. ఆవిడ ఇంత పట్టించుకున్న విషయం మరొకటి లేదు. రాగంలో చిన్న తేడా వస్తే రేపు సరిచేద్దామనేవారు. మాట విరిగితే అక్కడికక్కడే ఆపేవారు. ముఖ్యంగా ఒక తోడి కీర్తన. దాని చరణంలో ఒక పొడుగాటి సమాసం, తారస్థాయిలో సాగుతుంది. దాని ముందు పెట్టిన గీత మీద ఆవిడ మళ్లీ మళ్లీ పెన్సిలు తిప్పి అది నల్లటి చారగా మారేలా చేశారు. ఆ ఒక్క చోట కోసం నాతో నలభై రోజులు పాడించారు. నేను విసుక్కున్నాను కూడా.

చదువు, ఉద్యోగం నన్ను దూరంగా తీసుకుపోయాయి. సెలవుకు వచ్చినప్పుడల్లా వెళ్లి చాప మీద కూర్చునేవాణ్ని. శిష్యులు మారుతూనే ఉన్నారు, జట్లు మాత్రం శ్రుతిని బట్టే. డెబ్బై అయిదు దాటాక ఆవిడ గొంతు ఇంకా దిగి మూడు శ్రుతి దగ్గర నిలిచింది. దానికి తగ్గట్టు తంబురా తీగలు మార్పించుకున్నారు. "గొంతు ఎక్కడుంటే నేనూ అక్కడే" అన్నారు నాతో. చివరిసారి చూసినప్పుడు పాడలేదు. నన్ను తంబురా వేయమని, మంచం మీద పడుకుని విన్నారు. జీవ కొద్దిగా జరిగి ఉంది. ఆవిడ వేలెత్తి చూపిస్తే సరిచేశాను.

ఆవిడ పోయిన ఏడాదికి, వాళ్ల అక్కగారి అమ్మాయి నాకు ఫోనులో ఒక రికార్డింగు పంపించింది. ఎప్పుడో రేడియోలో పాడినప్పుడు ఎవరో బంధువు ఇంట్లో టేపు మీద పట్టుకున్నదట. ఇన్నేళ్లూ ఒక పెట్టెలో పడి ఉంది. ఇరవై ఆరో ఇరవై ఏడో ఏళ్ల పిన్నిగారు. ఆరు శ్రుతి. కంచుగంట అన్న మాటలో ఏమాత్రం అతిశయోక్తి లేదు. రాగం రెండు నిమిషాలు, ఆ తరవాత అదే తోడి కీర్తన. నేను కళ్లు మూసుకుని వింటున్నాను. చరణం వచ్చింది. గొంతు తారస్థాయిలోకి దూసుకువెళ్లింది. ఆ పొడుగాటి సమాసం సగానికి వచ్చేసరికి ఊపిరి చాల్లేదు. సరిగ్గా మాట నడుమ, అందరికీ వినబడేలా, చివుక్కున ఒక శ్వాస.

లేచి వెళ్లి అటకమీది నోటుపుస్తకం దించాను. ఆ పుట తీసి దీపం కింద పెట్టి చూస్తే, పెన్సిలు తిరిగి తిరిగి ఆ చోట కాగితం పలచబడి, గీత నడుమ సన్నగా చిరిగి ఉంది.